ఉద్యాన నగరంలో నీటి పొదుపు

జంషెడ్‌పూర్ పేరు వినగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది ఉక్కు. అయితే ఆ కర్మాగారం అక్కడే వెలియడానికి ఇనుము, బొగ్గు ఎంత కారణమో నీరు కూడ అంతే కారణం. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో జంషెడ్జీ టాటా సంకల్పించిన ఉక్కు కర్మాగారానికి అనువైన చోటు కోసం అన్వేషణ చాలాకాలం సాగింది. మయూర్‌భంజ్‌లోని గోరుమహిసానీ కొండలలో మేలైన ఇనుప ఖనిజం ఉన్నట్లు భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ 1904లో తెలియజేశారు. ఝరియాలో బొగ్గు ఉంది. కాని ఉక్కు తయారీకి ఏడాది పొడుగునా తరగని నీరు కావాలి. చివరకు 1907లో సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమానికి చేరువలో, కాలీమాటీ రైల్వే స్టేషనుకు దగ్గరగా ఉన్న సాక్చీ అనే చిన్న గ్రామం ఎంపిక అయింది. 1912 ఫిబ్రవరిలో అక్కడ తొలి ఉక్కు దిమ్మ తయారయింది. 1919 జనవరిలో నాటి వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు.

నీటిని చూసి ఎంచుకొన్న స్థలంలో పుట్టిన నగరమే ఈనాడు నీటి పొదుపు గురించి ఆలోచించవలసి రావడం గమనార్హం. ఆ ఆలోచన ప్రతి ఇంటి వంటగదిలో, ప్రతి పెరటి మొక్క పాదులో మొదలు కావలసి ఉన్నది.

నదీ ప్రవాహం - నగర నిర్మాణం

సువర్ణరేఖ రాంచీ సమీపంలో పుట్టి, ఝార్ఖండ్, పశ్చిమ బెంగాల్, ఒడిశా రాష్ట్రాల గుండా సుమారు 395 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఖర్కాయి ఒడిశాలోని మయూర్‌భంజ్ ప్రాంతం నుండి వస్తుంది. రెండూ కలిసే చోటును స్థానికులు దోముహానీ అంటారు. నగరానికి ఉత్తరాన దల్మా కొండలు నిలిచి ఉన్నాయి. ఆ కొండల పాదంలో 1940 తరువాతి సంవత్సరాలలో ఆనకట్ట కట్టి డిమ్నా జలాశయాన్ని నిర్మించారు. వానాకాలంలో కొండల నుండి జారే నీటిని నిలవచేసి, నదిలో నీరు సన్నగిల్లే వేసవిలో కర్మాగారానికి, నగరానికి అండగా ఉంచడం దాని ఉద్దేశం.

నగర నిర్మాతలు నీటి నడకను విస్మరించలేదు. మొదటి ప్రణాళిక తరువాత 1920 ప్రాంతంలో నగర విస్తరణ బాధ్యతను చేపట్టిన ఎఫ్.సి. టెంపుల్ పారిశుద్ధ్య ఇంజనీరు. నేల వాలును, సహజమైన వాగులను అనుసరించి వీధులను తీర్చడం ఆయన పద్ధతి. మిట్టలపై ఇళ్లు, పల్లాలలో పచ్చని ఖాళీ స్థలాలు ఉంటే వాననీరు ఎవరి ఇంట్లోకీ జొరబడకుండా తన దారిన తాను పోతుంది. నగరాన్ని నిర్మించడమంటే నీటికి దారి చూపడం కూడ అన్న సత్యం అందులో ఇమిడి ఉన్నది.

జంషెడ్జీ టాటా తన కుమారుడు దొరాబ్జీకి 1902లో వ్రాసిన లేఖ సుప్రసిద్ధం. రాబోయే నగరంలో విశాలమైన వీధులు, వాటి వెంట నీడనిచ్చే చెట్లు, పచ్చిక బయళ్లు, తోటలు, ఆటస్థలాలు, అన్ని మతాల ప్రార్థనా మందిరాలకు చోటు ఉండాలని ఆయన అందులో కోరారు. కంపెనీ స్వర్ణోత్సవ సందర్భంగా 1958లో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన జూబిలీ పార్కు ఆ ఆశయానికి ఒక రూపం. శీతకాలంలో జరిగే పుష్ప ప్రదర్శన, క్వార్టర్ల ముందు కనిపించే బంతి, చేమంతి, డాలియా మడులు మరొక రూపం. ఇక్కడ తోట పెంపకం సంపన్నుల వినోదం మాత్రమే కాదు. కొలిమి వేడిమిలో పనిచేసి వచ్చిన కార్మికుడు కూడ సాయంకాలం తన క్వార్టరు ముందు మొక్కలకు నీరు పోయడం ఈ నగర జీవితంలో భాగమైంది.

సమృద్ధి వెనుక ఉన్న కొరత

జంషెడ్‌పూర్‌లో సంవత్సరానికి సగటున 1200 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురుస్తుంది. రాయలసీమ జిల్లాలతో పోలిస్తే ఇది ఎంతో ఎక్కువ. అయినా ఈ వర్షంలో అధిక భాగం జూన్ నుండి సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలలోనే పడిపోతుంది. ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పైగా ఈ ప్రాంతమంతా అతి ప్రాచీనమైన కఠిన శిలలతో ఏర్పడింది. గోదావరి, కృష్ణా డెల్టాలలో వలె లోతైన ఇసుక పొరలు ఇక్కడ లేవు. శిథిలమైన పై పొరలోను, రాతి పగుళ్లలోను నిలిచిన నీరే భూగర్భజలం. పగులు దొరకని చోట గొట్టపు బావి ఎంత లోతు త్రవ్వినా నీరు పడదు. పగులు దొరికిన చోట కూడ అందరూ తోడితే అడుగంటుతుంది.

మరొక సంగతి కూడ ఆలోచింపదగినది. కంపెనీ కౌలు ప్రాంతంలోని సాక్చీ, బిష్టుపూర్, కద్మా, సోనారీ వంటి పేటలకు శుద్ధిచేసిన నీరు గొట్టాల ద్వారా క్రమం తప్పక అందుతున్నది. ఈ పనికై 2003లో ప్రత్యేకంగా ఒక పౌరసేవల సంస్థ కూడ ఏర్పడింది. కాని నగరం ఆ హద్దు దాటి విస్తరించింది. వెలుపలి బస్తీలలో వేసవి వచ్చిందంటే ఎండిన చేతిపంపులు, ట్యాంకరు కోసం వరుసగా పెట్టిన బిందెలు కనిపించడం పరిపాటి. నది ఒక్కటే, కాని ఒక వీధిలో కొళాయి, మరొక వీధిలో నిరీక్షణ. అందువల్ల నీటి పొదుపు నీటి బిల్లుకు మాత్రమే సంబంధించినది కాదు. ఒక నదిని పంచుకొనే వారి మధ్య న్యాయానికి కూడ సంబంధించినది. ఒక ఇంట ఆదా అయిన నీరు తనంతట తానుగా మరొక ఇంటికి చేరకపోవచ్చు. కాని వృథా తగ్గనిదే, ఎన్ని గొట్టాలు వేసినా అందరికీ సరిపడే నీరు సమకూరదన్నది నిశ్చయం.

ఏ పనికి ఏ నీరు?

కొళాయి త్రిప్పగానే వచ్చే నీరు నదిలోని నీరు కాదు. నదిలో తోడిన నీటికి పటిక కలుపుతారు. దానితో మట్టి రేణువులు కూడుకొని అడుగుకు దిగుతాయి. తేరిన నీటిని ఇసుక వడపోత గుండా పంపుతారు. సూక్ష్మజీవులు నశించడానికి క్లోరిన్ చేరుస్తారు. తరువాత విద్యుత్తుతో ఎత్తైన ట్యాంకులకు ఎక్కించి గొట్టాల ద్వారా ఇంటింటికి పంపుతారు. ఇన్ని దశలు దాటిన నీటితో కారు కడగడం, పచ్చికను తడపడం ఎంతవరకు సమంజసమో ఆలోచించాలి.

మురుగు కాలువల వసతి గల నగరాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు అవసరమని మన దేశంలో ప్రమాణంగా గ్రహిస్తున్నారు. భారత ప్రమాణాల సంస్థ పంపిణీ ననుసరించి ఇందులో త్రాగడానికి 5 లీటర్లు, వంటకు 5, స్నానానికి 55, బట్టలు ఉతకడానికి 20, పాత్రలు తోమడానికి 10, ఇల్లు కడగడానికి 10, మరుగుదొడ్డికి 30 లీటర్లు. త్రాగడానికి, వంటకు కలిపి అయ్యేది 10 లీటర్లే. అంటే ఎంతో శ్రమతో త్రాగునీటిగా మార్చిన ప్రతి పదమూడు లీటర్లలో సుమారు ఒక లీటరే ఆ పనికి వినియోగమవుతున్నది.

నీటి పొదుపుకు మూలసూత్రం ఇక్కడే లభిస్తుంది. నీటిని తక్కువగా వాడడం ఒక మార్గం. ఏ పనికి ఎంత శుభ్రమైన నీరు అవసరమో గుర్తించి, ఒకసారి వాడిన నీటిని దానికి తగిన మరొక పనికి మళ్లించడం అంతకంటె మేలైన మార్గం.

ఇంటిలో పొదుపు

ముందుగా సరిచేయవలసినది కారే కొళాయి. సెకనుకు ఒక చుక్క చొప్పున రాలితే రోజుకు 86,400 చుక్కలు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకొంటే అది నాలుగు లీటర్లకు పైగా అవుతుంది. ఏడాదికి 1,500 లీటర్లు దాటుతుంది. దీనికి కారణం చాలా సందర్భాలలో అరిగిపోయిన ఒక చిన్న వాషరు మాత్రమే.

పళ్లు తోముకొనేటప్పుడు, గడ్డం గీసుకొనేటప్పుడు కొళాయి తెరచి ఉంచడం మరొక అలవాటు. నిమిషానికి ఆరు లీటర్లు వచ్చే కొళాయి మూడు నిమిషాలలో 18 లీటర్లు పారబోస్తుంది. అదే పనికి ఒక చెంబుడు నీరు చాలు. షవరు క్రింద పది నిమిషాలు నిలబడితే అయ్యే నీటితో బకెట్టు స్నానాలు అయిదారు చేయవచ్చు. పాత్రలను పారే కొళాయి క్రింద కాక, ఒక గిన్నెలో తోమి మరొక గిన్నెలో తొలిచే పాత పద్ధతి నేటికీ ఆదర్శప్రాయమే.

పాతకాలపు మరుగుదొడ్డి ట్యాంకు ఒకమారు లాగితే 10 నుండి 12 లీటర్లు వదులుతుంది. రెండు మీటలు గల కొత్త రకంలో అవసరాన్ని బట్టి 3 లేదా 6 లీటర్లు సరిపోతాయి. ట్యాంకు మార్చే స్థోమత లేనివారు ఒక లీటరు సీసాలో ఇసుక నింపి, మూత బిగించి, లోపలి మీటలకు తగలకుండా ట్యాంకులో ఉంచవచ్చు. అయిదుగురు గల ఇంట ఒక్కొక్కరు రోజుకు అయిదుసార్లు వాడినా 25 లీటర్లు మిగులుతాయి.

ఈ మధ్యకాలంలో ఇళ్లలో ఆర్.ఓ. యంత్రాలు వ్యాపించాయి. ఇవి సాధారణంగా ఒక లీటరు నీరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు బయటకు విడుస్తాయి. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములకు లోపుగా ఉంటే, లవణాలను తొలగించడానికై ఈ యంత్రం అవసరం ఉండదు. యంత్రం తప్పనిసరి అయినచోట అది విడిచే నీటిని నేల తుడవడానికి, మరుగుదొడ్డికి వాడాలి. లవణాలు అధికంగా ఉండడం వల్ల కుండీలలోని మొక్కలకు దానిని నిత్యం పోయడం మంచిది కాదు.

తోటలో పొదుపు

వేసవిలో నేల నుండి, ఆకుల నుండి ఆవిరయ్యే నీరు రోజుకు 5 మిల్లీమీటర్లు అనుకొందాం. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. ఈ లెక్కన 100 చదరపు మీటర్ల పచ్చికను పచ్చగా నిలపడానికి రోజుకు 500 లీటర్లు కావాలి. పైన చెప్పిన ప్రమాణం ప్రకారం ఇది యాభైమంది త్రాగడానికి, వండుకోవడానికి సరిపడే నీరు. గ్రామీణ ప్రాంతాలలో మనిషికి రోజుకు 55 లీటర్లు అందించాలన్నది 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ లక్ష్యం. ఆ లెక్కన తొమ్మిదిమంది అవసరం తీరుతుంది. పచ్చిక వద్దని దీని భావం కాదు. దాని విస్తీర్ణం తగ్గించి, మిగిలిన చోట చెట్లు, పొదలు పెంచడం ఉచితం. జంషెడ్జీ లేఖలో కూడ నీడనిచ్చే చెట్ల ప్రస్తావన పచ్చిక కంటె ముందే వస్తుంది. వేప, మునగ, జామ వంటి చెట్లకు మొదటి రెండు మూడేళ్లు శ్రద్ధగా నీరు పోస్తే చాలు; తరువాత వేళ్లు లోతుకు దిగి చాలావరకు తమ నీటిని తామే వెదుక్కొంటాయి.

నీరు పోసే వేళ కూడ ముఖ్యమే. మిట్టమధ్యాహ్నం పోసిన నీటిలో చెప్పుకోదగిన భాగం ఆవిరైపోతుంది. తెల్లవారుజామున గాని, ఎండ తగ్గిన తరువాత గాని పోయాలి. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు పైపొరలోనే ఉండిపోయి, ఒక్కరోజు నీరు తప్పినా మొక్క వాడిపోతుంది. రెండు మూడు రోజులకు ఒకసారి పాదు నిండా పోస్తే వేళ్లు లోతుకు పోతాయి. రబ్బరు గొట్టం వదిలివేయడం కంటె బకెట్టుతో పోయడం మేలు. ఎన్ని బకెట్లు పోశామో లెక్క తెలుస్తుంది.

పాదులో ఎండుటాకులను, వరిగడ్డిని మూడు నాలుగు అంగుళాల మందాన పరచాలి. ఇది నేలకు ఎండ తగలకుండా కాపాడుతుంది, కలుపును అణచుతుంది, క్రమంగా చివికి ఎరువవుతుంది. శీతకాలం చివర వీధుల వెంట రాలే ఆకులను తగలబెట్టడం బదులు ఈ పనికి వినియోగిస్తే రెండు విధాల లాభం.

కూరగాయల మడికి కుండ పద్ధతి మిక్కిలి అనువైనది. నునుపు పూత లేని అయిదారు లీటర్ల మట్టి కుండను మెడవరకు నేలలో పాతి, నీరు నింపి, మూత పెట్టాలి. చుట్టూ బీర, కాకర, టమాటా వంటి మొక్కలు నాటాలి. చుట్టూ ఉన్న మట్టి ఆరినకొద్దీ కుండ గోడల గుండా నీరు ఊరుతుంది. మట్టి తడిగా ఉంటే ఊట తగ్గుతుంది. నీరు వేళ్ల దగ్గరే చేరుతుంది కనుక ఆవిరయ్యేది అతి స్వల్పం. క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దికి చెందిన చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి వర్ణన కనిపిస్తుంది. ఈనాటి బిందు సేద్యం వెనుక ఉన్న సూత్రం కూడ ఇదే: నీరు నేలకంతటికీ కాదు, వేరుకు చేరాలి.

బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీరు నేరుగా మొక్కలకు పోయవచ్చు. సబ్బు నీటి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. దానిని ఆకుకూరలపై గాని, పచ్చిగా తినే కూరలపై గాని పోయరాదు. ఒక రోజుకు మించి నిలవ ఉంచరాదు. స్నానాల గది నుండి వచ్చే నీటిని చిన్న కంకర గుంట గుండా పోనిచ్చి అరటి, మెట్టతామర వంటి మొక్కలకు మళ్లించవచ్చు. ఇది కొత్త విద్య కాదు. తెలుగునాట పెరటిలో నూతి గట్టు ప్రక్కన, అంట్లు తోమే చోట అరటి పిలకను, చేమదుంపను నాటడం తరతరాల ఆచారం. ఇంటి వాడుక నీరు వీధిలోకి పోకుండా మొక్కకు చేరే ఏర్పాటు అది.

ఇంటికప్పుపై కురిసే సంపద

జంషెడ్‌పూర్‌లో 100 చదరపు మీటర్ల ఇంటికప్పుపై ఏడాదిలో 1200 మిల్లీమీటర్ల వర్షం పడితే 1,20,000 లీటర్ల నీరు కురిసినట్లు. అందులో అయిదింట నాలుగు వంతులు పట్టుకొన్నా 96,000 లీటర్లు. అయితే ఈ నీరంతా నాలుగు నెలలలోనే వస్తుంది కనుక తొట్టెలలో నిలవచేసి వేసవి దాకా ఉంచడం సాధారణ గృహస్థునకు సాధ్యం కాదు. వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్క మంచి వానకే నిండిపోతుంది. ఆ నీటిని వానకు వానకు మధ్య తోటకు, శుభ్రతకు వాడుకొని, మిగిలిన దానిని నేలలోకి ఇంకించాలి.

ఇంకుడు గుంతకు ఇంటి పునాదికి తగినంత ఎడంగా, మరుగుదొడ్డి గుంతకు దూరంగా చోటు ఎంచుకోవాలి. మీటరు వెడల్పు, ఒకటిన్నర నుండి రెండు మీటర్ల లోతు త్రవ్వి, అడుగున పెద్ద రాళ్లు, వాటిపై కంకర, పైన ముతక ఇసుక నింపాలి. పారిశ్రామిక నగరంలో ఇంటికప్పుపై దుమ్ము, మసి పేరుకొని ఉంటాయి కనుక తొలకరి జల్లులను గుంతలోకి పోనివ్వక వేరుగా వదిలివేయాలి. మురుగునీరు ఎట్టి పరిస్థితులలోను ఇందులో కలియరాదు. ఏటా వర్షాలకు ముందు పై ఇసుకను కడిగి తిరిగి వేయాలి. నిలవ తొట్టెలకు గట్టి మూతలు, సన్నని వల లేకుంటే దోమలు గ్రుడ్లు పెట్టి డెంగీ వంటి వ్యాధులకు దారి తీస్తాయి. నీటి పొదుపు ఆరోగ్యానికి చేటు కాకూడదు.

ఈ విషయంలో చట్టాలు కూడ వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం అమలులోకి వచ్చింది. 2003లో తమిళనాడు వాననీటి సేకరణను భవనాలకు తప్పనిసరి చేసింది. అయితే చట్టం గుంతను త్రవ్వించగలదు గాని, దానిని ఏటా శుభ్రం చేయించలేదు. అందుకు గృహస్థుని శ్రద్ధే ఆధారం.

ఒకే నది, అనేక భాషలు

వాడిన నీటిని తిరిగి వాడే పద్ధతిని జంషెడ్‌పూర్ కర్మాగారం కూడ అనుసరిస్తున్నది. నగరపు మురుగునీటిని పలు దశలలో శుద్ధిచేసి కర్మాగార అవసరాలకు వినియోగించే ఏర్పాట్లు అక్కడ జరిగాయి. ఆ మేరకు నది నుండి తోడే కొత్త నీరు తగ్గుతుంది. కర్మాగారం పెద్ద ఎత్తున చేసే పని ఇంటి పెరట్లో చిన్న ఎత్తున చేయవచ్చు.

సంతాల్, హో ప్రజల నేలపై వెలసిన ఈ నగరానికి బెంగాలు, బీహారు, ఒడిశా, పంజాబు, గుజరాతు, తమిళనాడుల నుండి ప్రజలు వచ్చి స్థిరపడ్డారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుండి వచ్చిన తెలుగు కుటుంబాలు కూడ తరాలుగా ఇక్కడ జీవిస్తున్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి గుర్తు. మకర సంక్రాంతి నాడు తెలుగువారి ముంగిళ్లలో ముగ్గులు వెలిస్తే, అదే సమయంలో స్థానికులు టుసూ పండుగ జరుపుకొని ప్రతిమలను నదికి తీసుకొనిపోతారు. కార్తికంలో ఛఠ్ వ్రతం ఆచరించేవారు అదే నీటిలో నిలిచి సూర్యునికి అర్ఘ్యమిస్తారు. భాషలు వేరైనా, పండుగలు వేరైనా, అందరి కుండలో నీరు ఒకే నదిది.

వలస వచ్చినవారు తమ వెంట నీటిని గురించిన అనుభవాన్ని కూడ తెచ్చుకొంటారు. తెలుగునాట చెరువుల పట్ల గల శ్రద్ధకు శాసనాలే సాక్ష్యం. కడప జిల్లా పోరుమామిళ్లలోని 1369వ సంవత్సరపు శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, తప్పించుకోవలసిన ఆరు దోషాలను వివరిస్తుంది. చెరువు త్రవ్వించడం పుణ్యకార్యమని చెప్పడంతో ఆ శాసనం ఊరుకోలేదు. అది ఎట్లా నిలుస్తుందో కూడ చెప్పింది. భక్తితో పాటు లెక్క కూడ కావాలన్న ఆ దృష్టి నేటి గృహస్థునకు సైతం మార్గదర్శకం.

విద్యార్థుల పాత్ర

ఈ లెక్కను ఆరంభించడానికి విద్యార్థులే తగినవారు. ఒక బకెట్టు, ఒక గడియారం ఉంటే చాలు. ఇంటి కొళాయి నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తున్నదో కొలవవచ్చు. కారే చుక్కలను ఒక గంటసేపు గ్లాసులో పట్టి, ఏడాదికి ఎంత అవుతుందో గుణించవచ్చు. పాఠశాల కప్పు పొడవు, వెడల్పులను కొలిచి దానిపై కురిసే వర్షాన్ని లెక్కకట్టవచ్చు. పాఠశాల తోటలో ఒక మడికి గొట్టంతోను, మరొక మడికి పాతిన కుండతోను నీరందించి, దేనికి ఎన్ని లీటర్లు పట్టిందో పుస్తకంలో వ్రాసి ఉంచవచ్చు. ఈ అంకెలు ఉపన్యాసాల కంటె బలంగా పనిచేస్తాయి.

నీరు దొరికే చోటును వెదకి జంషెడ్‌పూర్‌ను నిర్మించారు. దొరికిన నీటిని నిలుపుకొనే బాధ్యత ఇప్పుడు అక్కడ నివసించే వారిది. ఆ బాధ్యత జంషెడ్‌పూర్ ప్రజలకు మాత్రమే పరిమితం కాదు. త్రాగదగిన నీటిని త్రాగడానికి, వాడిన నీటిని మొక్కకు, వాననీటిని నేలకు అప్పగించే క్రమం ప్రతి ఇంటా నెలకొన్ననాడు, తోటలు పచ్చగానే ఉంటాయి. పొరుగు బస్తీలోని బిందె కూడ నిండే అవకాశం కలుగుతుంది.